బడి గేటు దగ్గర నా డ్యూటీ రోజులు

హైస్కూల్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేశానని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగేది దొంగల గురించే. ఎంతమందిని పట్టుకున్నారు, గోడ దూకినవాళ్ళెవరైనా ఉన్నారా అని. దొంగతనాలు జరగలేదని కాదు. ఆటల గదిలో బంతులు, కంప్యూటర్ ల్యాబ్‌లో కేబుళ్ళు అప్పుడప్పుడూ మాయమయ్యేవి. కానీ ఆ ఉద్యోగం తలచుకుంటే నాకు గుర్తొచ్చేవి అవి కావు, పిల్లల ముఖాలు. ఏ పిల్ల ఏ వేళకి వస్తుంది, ఎవరితో వెళ్తుంది, ఏ పిల్లాడు మధ్యాహ్నం ఒంటరిగా తిరుగుతుంటాడు, ఇవే నా బుర్ర నిండా ఉండేవి. అంతకుముందు ఒక ఫ్యాక్టరీలో చేశాను. అక్కడ లోపలికెళ్ళిన లారీల లెక్క, బయటికొచ్చిన లారీల లెక్క సరిపోతే ఆ రోజు గడిచినట్టే. బడిలో ఆ లెక్క ఒక్కటే చాలదని చేరిన కొత్తలోనే తెలిసింది.

పొద్దున పని తాళాలతో మొదలయ్యేది. నైట్ గార్డు దగ్గర చార్జ్ తీసుకోవడమంటే సంతకం పెట్టేసి ఆయన్ని పంపించెయ్యడం కాదు. కీ బోర్డు మీద ప్రతి కొక్కేనికీ ఒక నంబరు, ప్రతి తాళంచెవికీ అదే నంబరున్న బిళ్ళ. ఏ కొక్కెమైనా ఖాళీగా ఉందంటే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో రిజిస్టర్లో ఉండాలి. లేకపోతే అది తేలేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు. తర్వాత, డ్యూటీలో జరిగినవన్నీ రాసే ఆకరెన్స్ బుక్‌లో రాత్రి రాసింది చదివి, పిల్లలు రాకముందే క్యాంపస్ అంతా ఒకసారి తిరిగేవాణ్ణి. టెర్రస్ తలుపుకి తాళం ఉందా, నీళ్ళ ట్యాంకు మూత బిగించి ఉందా, కరెంటు ప్యానెల్ గది మూసుందా, వరండాలో నీళ్ళు నిలిచాయా, ఎక్కడైనా కిటికీ అద్దం పగిలి ముక్కలు రాలాయా. బాత్రూముల వెనక, ప్రహరీ వారగా, బస్సులు ఆగేచోట తప్పకుండా చూసేవాణ్ణి. ఈ రౌండు నేనే వెయ్యాలని ఎవరూ చెప్పలేదు. కానీ కాసేపట్లో కొన్ని వందల మంది పిల్లలు పరుగులు పెట్టబోయే నేల మీద ముందు నా కాళ్ళతో నేను నడిచి చూడాలనిపించేది. ఆ పని ఎవరికీ అప్పగించబుద్ధి కాలేదు.

కొత్తగా చేరిన గార్డులకి నేను మొదట నేర్పేది వాకీటాకీ. చూడటానికి చిన్న పని. కానీ బటన్ నొక్కగానే మాట్లాడేస్తే మొదటి మాట అవతలికి చేరదు. "ల్యాబ్ దగ్గర పిల్లాడు పడిపోయాడు" అని వీళ్ళంటే మాకు వినపడేది "దగ్గర పిల్లాడు పడిపోయాడు" అని. ఏ చోటు దగ్గరో తెలియక అందరం తలో దిక్కుకీ పరిగెత్తాలి. నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మాట్లాడమని పదేపదే చెప్పేవాణ్ణి. ఇంకో నియమం కూడా పెట్టాను. వాకీటాకీలో పిల్లల పేర్లు పలకకూడదు. తరగతి, చోటు చెబితే చాలు. ఆ సెట్టు పక్కన ఎవరు నిలబడి వింటున్నారో మనకి తెలీదు. ఏడుస్తున్న పిల్ల పేరు, దెబ్బలాటలో ఉన్న పిల్లాడి పేరు క్యాంపస్ అంతా మారుమోగితే ఆ పిల్లలు మర్నాడు బడికెలా వస్తారు?

మెయిన్ గేటు దగ్గర ఒక పెద్దాయన డ్యూటీ చేసేవారు. నాకంటే వయసులో చాలా పెద్ద. ఐడీ కార్డు చూడటం ఆయన పనిలో భాగమే గానీ, కార్డు కంటే ముందు ఆయనకి పిల్లల నడక తెలిసేది. మలుపు తిరిగి వస్తున్నది ఎవరో దూరం నుంచే చెప్పేవారు. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ "గుడ్ మార్నింగ్ అమ్మా", "గుడ్ మార్నింగ్ నాన్నా" అని పలకరింపు ఉండాల్సిందే. తిరిగి పలకరించని పిల్లల్ని ఆయన గుర్తుపెట్టుకునేవారు, తప్పు పట్టడానికి కాదు, ఆ రోజు ఆ పిల్లకి ఏదో బాగాలేదని.

ఒక ఉదయం రద్దీ తగ్గాక నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నారు.

"సార్, తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకరు ఈమధ్య బ్యాగు వీపుకి కాకుండా ముందుకి తగిలించుకుని వస్తోంది. వస్తూ వస్తూ వెనక్కి చూస్తోంది. గేటు దాటాక మళ్ళీ వెనక్కి వేసుకుంటోంది."

అంతే ఆయన చెప్పింది. నేను ఆ పిల్లని పిలిచి అడగలేదు. యూనిఫాం వేసుకున్న మగవాడు పిలిచి అడిగితే ఏ ఆడపిల్లా నోరు విప్పదు. క్లాస్ టీచర్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఆ పిల్లని స్టాఫ్ రూముకి తీసుకెళ్ళి కాపీలు దిద్దడంలో సాయం చెయ్యమని పక్కన కూర్చోబెట్టుకున్నారట. కాసేపటికి విషయం బయటికొచ్చింది. మలుపు దగ్గర బైకు మీద ఒకడు రోజూ వెంటపడుతున్నాడు. పక్కనుంచి పోతూ మీద చెయ్యి వేసే ప్రయత్నం చేస్తున్నాడు. ఇంట్లో చెబితే బడి మాన్పించేస్తారని ఆ పిల్ల భయం.

ప్రిన్సిపాల్ గారు పోలీసులకి ఫిర్యాదు చేశారు, ఆ పిల్ల అమ్మానాన్నల్ని పిలిపించి మాట్లాడారు. నా వంతుగా ఒక లేడీ గార్డుని ఉదయం, సాయంత్రం ఆ మలుపు దగ్గర డ్యూటీ వేశాను. గేటు దాటి బయట డ్యూటీ వెయ్యడం రూల్లో లేదని ఒకరిద్దరు అన్నారు. పిల్ల బడికొచ్చే దారిలోనే భయపడుతుంటే గేటు లోపల మనం ఎంత గట్టిగా కాపలా కాసి ఏం లాభం అన్నాను. ప్రిన్సిపాల్ గారు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. కొన్నాళ్ళకి ఆ పిల్ల బ్యాగు మళ్ళీ వీపు మీదికి వచ్చింది. పెద్దాయన ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇప్పుడు చాలాచోట్ల ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు పెడుతున్నారు. మంచిదే. అయితే ఆ పిల్ల ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే కెమెరా, బ్యాగు ముందుకెందుకు వచ్చిందని అడగదు.

అసలు పరీక్ష సాయంత్రం ఉండేది. ఉదయం అందరూ ఒకే వైపు, లోపలికి వస్తారు. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే అందరూ అన్ని వైపులకీ పోతారు. మేం ఒక వరస పెట్టుకున్నాం. ముందు బస్సు పిల్లలు లైనుగా వెళ్ళి ఎక్కాలి. బస్సులన్నీ కదిలేదాకా వేరే బండి ఏదీ లోపలికి రాకూడదు. పిల్లలు నేల మీద ఉండగా ఏ బస్సూ రివర్స్ చెయ్యకూడదు. తప్పదనుకుంటే వెనక ఒక గార్డు నిలబడి విజిల్ వేస్తేనే చెయ్యాలి. తర్వాత సైకిళ్ళు, నడిచి వెళ్ళేవాళ్ళు. చివరికి, పెద్దవాళ్ళు వచ్చి తీసుకెళ్ళే పిల్లలు. ఈ చివరి గుంపు దగ్గరే నేనుండేవాణ్ణి.

తీసుకెళ్ళడానికి ఎవరొస్తారో తల్లిదండ్రులు ఏడాది మొదట్లోనే రాసిచ్చేవాళ్ళు, ఫోటోలతో సహా. ఆ జాబితాలో లేని మనిషి వస్తే ఎంత దగ్గరి చుట్టమైనా ఆగాల్సిందే. మధ్యాహ్నమే తీసుకెళ్తామని వస్తే గేట్ పాస్ కావాలి. ఆఫీసులో ఒక కాపీ, క్లాస్ టీచర్ దగ్గర ఒకటి, గేటు దగ్గర ఒకటి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలంటే బడి రికార్డులో ఉన్న నంబరుకే చెయ్యాలి. వచ్చిన మనిషి "ఇదిగో వాళ్ళమ్మ లైన్లో ఉంది, మాట్లాడండి" అని తన ఫోన్ చేతికిస్తే తీసుకోకూడదు. అవతల మాట్లాడేది ఎవరో మనకి ఏం తెలుసు?

ఒకరోజు మధ్యాహ్నం ఏడో తరగతి పిల్ల కోసం ఒకాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రంగు కాగితం చుట్టిన చిన్న పెట్టె. నేను ఆ పిల్ల నాన్నని అన్నారు. అబద్ధం కాదు, రికార్డులో తండ్రి పేరు అదే. కానీ పిల్లని తీసుకెళ్ళే జాబితాలో అమ్మ ఒక్కతే ఉంది. కింద ఎర్ర సిరాతో ఆఫీసువాళ్ళు ఒక గుర్తు పెట్టారు. భార్యాభర్తలు విడిపోయారు, కోర్టులో కేసు నడుస్తోంది, అమ్మ రాకుండా పిల్లని ఎవరితోనూ పంపకూడదని దాని అర్థం.

ఆయనకి ఆ మాట ఎలా చెప్పాలి? గేటు దగ్గర గార్డులు వింటున్నారు, డ్రైవర్లు వింటున్నారు. గట్టిగా చెబితే అవమానం. మెల్లగా చెబితే, బతిమాలితే పని జరుగుతుందనుకుంటారు. ఆయన్ని విజిటర్స్ గదిలోకి తీసుకెళ్ళాను. తలుపు తీసే ఉంచి, ఒక గార్డుని గుమ్మం బయట నిలబెట్టి, నేను ఎదురుగా కూర్చున్నాను. మంచినీళ్ళు ఇచ్చాను.

"అయ్యా, మీరు తండ్రి కాదని నేను అనడం లేదు. కానీ పిల్లని పంపే అధికారం నాకు లేదు. అమ్మగారికి ఫోన్ చేస్తున్నాం. ఆవిడ వచ్చేదాకా మీరిక్కడ కూర్చోవచ్చు, వెళ్ళాలనుకుంటే వెళ్ళొచ్చు. పిల్ల మాత్రం క్లాసులోనే ఉంటుంది" అన్నాను.

కోపమొచ్చింది ఆయనకి. నా పిల్లని చూడటానికి నీ పర్మిషన్ ఏంటయ్యా అని లేచారు. నేను లేవలేదు, గొంతు పెంచలేదు. ఆ పనిలో నేను నేర్చుకున్న గట్టి విద్య అదే. ఎదుటి మనిషి లేచినప్పుడు మనమూ లేస్తే అది తగాదా అవుతుంది. కాసేపటికి ఆయనే కూర్చున్నారు. తల వంచుకుని ఆ పెట్టె మీది కాగితం అంచులు గోటితో సరిచేస్తూ ఉండిపోయారు. "ఇవాళ దాని పుట్టినరోజండీ" అన్నారు.

ఆఫీసు మేడమ్ పిల్ల అమ్మతో ఫోన్లో మాట్లాడి వచ్చారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. చివరికి, పిల్లని పంపొద్దు, పెట్టె మాత్రం టీచర్ చేత ఇప్పించండి అన్నారట. ఆ మాట విని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. పెట్టె బల్ల మీద పెట్టి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. టీచర్ ముందు దాన్ని తెరిచి చూసి పిల్లకిచ్చారు. లోపల రంగు పెన్సిళ్ళు ఉన్నాయి.

మరుసటి ఏడాది జాబితాలో ఆయన ఫోటో చేరింది, ఫలానా వారం ఫలానా రోజు తీసుకెళ్ళవచ్చని. ఆ రోజుల్లో అందరికంటే ముందొచ్చి వరసలో మొదట నిలబడేవారు. నేను అడగకముందే కార్డు తీసి చూపించేవారు. నేను కార్డు, ఫోటో పోల్చి చూసేవాణ్ణి, తెలిసిన ముఖమే కదా అని వదిలేసేవాణ్ణి కాదు. ఆయనా ఏనాడూ నొచ్చుకోలేదు.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జరిగింది తర్వాత చూసుకోవడానికి పనికొస్తాయి. జరుగుతున్నది ఆపడానికి మనిషి అక్కడుండాలి. పైగా బాత్రూముల్లో, బట్టలు మార్చుకునే గదుల్లో కెమెరా పెట్టకూడదు, పెట్టనివ్వకూడదు. పిల్లలు పిల్లల్ని ఏడిపించేదంతా అక్కడే. ఎవరి దారిన వాళ్ళు నడుస్తున్నట్టు కనిపించే వరండాలో ఒక్క పిల్లాడు మాత్రం బాత్రూముకి వెళ్ళడానికి బెల్లు కొట్టేదాకా ఆగుతున్నాడంటే, దానికో కారణం ఉంటుంది.

అలాంటివాడొకడు ఉండేవాడు, ఎనిమిదో తరగతి. లంచ్ బెల్ కొట్టగానే బాక్సు పట్టుకుని గేటు క్యాబిన్ పక్కన చెట్టు కిందకి వచ్చేసేవాడు. మాతో మాట్లాడేవాడు కాదు. విజిటర్ రిజిస్టర్లో పేజీలకి నంబర్లు వెయ్యాల్సి వస్తే, వేస్తావా నాన్నా అని ఇచ్చాను ఒకసారి. ముత్యాల్లాంటి అంకెలు వేశాడు. అలా కొన్నాళ్ళు గడిచాక, రిజిస్టర్ మీంచి తల ఎత్తకుండానే, "అంకుల్, నేనొకటి చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి" అన్నాడు.

బడిలో పనిచేసే గార్డుకి తెలియాల్సిన విషయాల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. అలాంటి ఒట్టు వెయ్యకూడదు. వేసి, తర్వాత చెబితే ఆ పిల్లాడు ఇంకెప్పుడూ ఏ పెద్దవాణ్ణీ నమ్మడు. వేసి, చెప్పకపోతే వాడికి జరుగుతున్నది ఆగదు. అందుకని, "నీకు సాయం చెయ్యగలవాళ్ళకి మాత్రం చెబుతాను నాన్నా, వాళ్ళెవరో ముందు నీకే చెబుతాను" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చెప్పాడు. పెద్ద క్లాసు పిల్లలు కొందరు బాత్రూములో వాణ్ణి నిలబెట్టి, జేబులు వెతికి, ఏడిస్తే ఫోన్లో వీడియో తీస్తున్నారు.

క్లాస్ టీచర్‌కి, కౌన్సిలర్ మేడమ్‌కి చెప్పాను, వాడు పక్కనుండగానే. తర్వాతి విచారణ అంతా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. అది గార్డుల పని కాదు, మేం వేలు పెట్టకూడదు. లంచ్ వేళ బాత్రూము వరండాలో ఒక గార్డుని నిలబెట్టడం మాత్రం మా పని. ఊరికే నిలబడటమే. లోపలికి తొంగి చూడక్కర్లేదు, ఎవర్నీ గద్దించక్కర్లేదు. ఆ వరండా వారంలోనే మారిపోయింది. పిల్లాడు చెట్టు కిందకి రావడం కూడా తగ్గించాడు. రానినాడు నాకు సంతోషంగా ఉండేది.

ఇక మంటలొస్తే ఏం చెయ్యాలో సాధన చేయించే డ్రిల్లుల సంగతి. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన మాకు శిక్షణ ఇచ్చేవారు. ఆయన పాఠం మంటలార్పే సిలిండర్లతో మొదలవ్వలేదు, మెట్ల కింద మొదలైంది. మా పాత బ్లాకు మెట్ల కింద విరిగిన బెంచీలు, అట్టపెట్టెలు, పాత జవాబు పత్రాల కట్టలు పేర్చి ఉండేవి. అది చూసి ఆయన అక్కడే నిలబడి షికాగో బడి గురించి చెప్పారు. 1958 డిసెంబర్ 1న అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ అనే స్కూల్లో, సరిగ్గా ఇలాగే, కింది మెట్ల మొదట్లో పడేసిన చెత్తకి నిప్పంటుకుంది. కింది అంతస్తులో మెట్లకి తలుపు ఉంది, అది మూసి ఉంది. పై అంతస్తులో తలుపు లేదు. పొగంతా మెట్లదారిన పైకి ఎగదన్ని వరండాని కమ్మేసింది. తరగతి గదుల్లోంచి బయటికి దారి లేక 92 మంది పిల్లలు, ముగ్గురు నన్‌లు చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే ఆ భవనం తనిఖీలో పాసైంది. మన దగ్గర, తమిళనాడులో కుంభకోణం అనే ఊళ్ళో ఒక బడిలో 2004 జులై 16న, వంటగది నిప్పు ఆకుల పైకప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆయన ఈ రెండు చెప్పి, ఇంకేం మాట్లాడకుండా ఒక అట్టపెట్టె ఎత్తి బయటికి నడిచారు. మేమందరం తలా ఒకటి ఎత్తుకున్నాం. ఆ సాయంత్రానికి మెట్ల కింద ఖాళీ అయిపోయింది. ఆ తర్వాత నా ఉదయం రౌండులో మెట్ల కింద టార్చి వేసి చూడటం అలవాటైంది.

సిలిండర్లు చూడటం కూడా ఆయన దగ్గరే సరిగ్గా నేర్చుకున్నాం. పౌడర్ సిలిండర్‌కి మీటరుంటుంది, ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి మీటరుండదు, తూకం వేసి చూడాలి. అందుకే అది ఖాళీ అయినా గోడకి నిండుగానే కనిపిస్తుంది. కరెంటు మంటలకి అది వాడాలి, వాడేటప్పుడు దాని బూరని చేత్తో పట్టుకోకూడదు, విపరీతమైన చలికి చర్మం దెబ్బతింటుంది. పిన్ను లాగి, మంట మీదికి కాదు, మంట మొదట్లోకి కొట్టాలి. గోడకుండే మామూలు సిలిండరు అర నిమిషం కూడా రాదు. కాబట్టి దాన్ని నమ్ముకుని పిల్లల్ని ఆపకూడదు. ముందు పిల్లలు బయటపడాలి.

పిల్లలు బయటపడాలంటే తలుపు తెరుచుకోవాలి. నా ఉద్యోగంలో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఇదొక్కటే. వెనక బ్లాకు తలుపుకి గొలుసు వేసి తాళం పెట్టేవాళ్ళు, పెద్ద క్లాసు పిల్లలు క్లాసు ఎగ్గొట్టి అటునుంచి పోతున్నారని. తాళంచెవి మా కీ బోర్డు మీద, ఆ తలుపుకి క్యాంపస్ అవతలి కొసన. పిల్లలు పోకుండా చూడటం సెక్యూరిటీ పనే కదా, గొలుసు తీయమంటావేంటి అని అడిగారు. బయటివాళ్ళకి మూసి ఉండాలి, లోపలివాళ్ళకి ఎప్పుడూ తెరిచి ఉండాలి, అలాంటి తలుపులు ఉన్నాయి అన్నాను. అడ్డంగా ఒక బార్ ఉంటుంది, దాని మీద ఒళ్ళు ఆనించినా చాలు తెరుచుకుంటుంది. బయటి నుంచి మాత్రం తాళంచెవి కావాలి.

ఆ బార్ పుట్టుక కథ కూడా శిక్షణ ఇచ్చినాయనే చెప్పారు. 1903 డిసెంబర్ 30న షికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ తగలబడి 600 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలే. చాలామంది మూసి ఉన్న తలుపుల దగ్గరే ఒకరి మీద ఒకరు పడి చనిపోయారు. కార్ల్ ప్రిన్జ్‌లర్ అని హార్డ్‌వేర్ వ్యాపారంలో ఉన్నాయన ఆ రోజు ఆ ఆటకి వెళ్ళాల్సింది, పని పడి ఆగిపోయాడు. ఆ తర్వాత ఒక ఆర్కిటెక్టుతో కలిసి, తోస్తే చాలు తెరుచుకునే ఈ బార్ తయారయ్యేలా చేశాడు. 1908లో అది మార్కెట్లోకి వచ్చింది. మా మేనేజ్‌మెంట్ మీటింగులో ఇదంతా చెప్పాను. ఒప్పుకోవడానికి టైము పట్టింది, కానీ ఒప్పుకున్నారు. బార్ తలుపు పెట్టి, తెరిస్తే క్యాబిన్‌లో మోగేలా అలారం కూడా పెట్టించాం. క్లాసు ఎగ్గొట్టేవాళ్ళు మొదట్లో రెండుమూడు సార్లు మోగించారు. మా గార్డు గేటు బయట చెయ్యి ఊపుతూ ఎదురు నిలబడేసరికి మానేశారు.

డ్రిల్లుకి ముందు క్లాసు క్లాసుకీ వెళ్ళి చెప్పేవాణ్ణి. పొగ పైకి లేస్తుంది కాబట్టి వంగి నడవాలి, లిఫ్టు వాడకూడదు, బ్యాగు కోసం వెనక్కి రాకూడదు, గ్రౌండ్‌లో మీ క్లాసు బోర్డు దగ్గర నిలబడితే టీచర్ హాజరు తీసుకుంటారు. రెండో అంతస్తులో పదో తరగతిలో చెబుతున్నప్పుడు, మొదటి బెంచీ పక్కన వీల్‌చెయిర్‌లో కూర్చున్న అబ్బాయి చెయ్యెత్తాడు.

"లిఫ్టు వాడొద్దంటే మరి నేనెలా దిగాలి సార్?"

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ అబ్బాయి గొంతులో ఫిర్యాదు లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. పక్క బెంచీ కుర్రాళ్ళిద్దరు, మేం ఎత్తుకుంటాం సార్ అన్నారు. వాళ్ళ మంచి మనసు నాకు నచ్చింది, కానీ పొగలో, తోపులాటలో ఆ పని పిల్లల మీద పెట్టకూడదు. ఆ అబ్బాయిని కూర్చోబెట్టుకుని అడిగాను, నిన్ను ఎత్తాలంటే ఎలా పట్టుకోవాలి, ఎక్కడ నొప్పి పుడుతుంది అని. వాడు ఓపిగ్గా చెప్పాడు. అంతకుముందు ఎవరూ అడగలేదట. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి ఆ సెక్షన్‌ని మొత్తంగా కింది అంతస్తుకి మార్పించాం. ల్యాబ్ కోసం పైకి వెళ్ళే పీరియడ్లలో ఇద్దరు గార్డులు ఆ వరండాలోనే ఉండేలా డ్యూటీ చార్ట్ వేశాను. ఆ ఏడాది డ్రిల్లులో గ్రౌండ్‌కి ముందు చేరిన క్లాసుల్లో అదొకటి.

ఇంకో రకం డ్రిల్లు కూడా ఉంటుంది, ఆయుధంతో ఎవరైనా బడిలోకి చొరబడితే బయటికి పోకుండా లోపలే తలుపులు వేసుకుని, లైట్లు ఆర్పి, నిశ్శబ్దంగా ఉండేది. 1999లో అమెరికాలో కొలంబైన్ హైస్కూల్ కాల్పుల తర్వాత అక్కడి పోలీసులు, ప్రత్యేక దళం వచ్చేదాకా బయట ఆగే పద్ధతి మార్చుకుని, ముందు చేరుకున్నవాళ్ళే లోపలికి వెళ్ళేలా శిక్షణ మొదలుపెట్టారు. మేం ఆ డ్రిల్లు చేసేటప్పుడు నాకు మనసు బాగుండేది కాదు. చీకటి గదిలో పిల్లలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే వరండాలో నా బూట్ల చప్పుడు నాకే వినపడేది. అందుకే ముందుగా చెప్పకుండా ఎప్పుడూ చేయించలేదు. పిల్లల్ని బెదరగొడితే వాళ్ళకి భయం గుర్తుంటుంది గానీ, చెయ్యాల్సిన పని గుర్తుండదు.

మా గార్డుల గురించి చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడే ఉద్యోగం అది. ఎండా వానా వాళ్ళకే. కూర్చుంటే నిద్రపోతారని స్టూలు ఇవ్వని చోట్లు నేను చూశాను. నిలబడి నిలబడి కాళ్ళు వాచిన మనిషి పిల్లల నడకని గమనిస్తాడా? క్యాబిన్‌లో కుర్చీ, నెత్తిన నీడ, రెండు గంటలకోసారి పోస్టు మార్పు, లేడీ గార్డులకి దగ్గర్లో బాత్రూము, ఇవి అడిగి అడిగి తెప్పించాను. డ్యూటీ మార్చుకోవాల్సిన గార్డు రాకపోతే ఆ పోస్టులో నేనే నిలబడేవాణ్ణి. పండగల ముందు పిల్లలు గార్డులకి కాగితాలతో గ్రీటింగ్ కార్డులు చేసిచ్చేవాళ్ళు. పెద్దాయన వాటిని క్యాబిన్ లోపలి గోడకి వరసగా అంటించుకున్నారు.

నేను మానేసేటప్పుడు నా స్థానంలో వచ్చినాయన అనుభవమున్న మనిషే, ఆఫీసు కాంప్లెక్సుల్లో చేసి వచ్చారు. తాళాలు, రిజిస్టర్లు, వాకీటాకీ సెట్లు, సిలిండర్ల జాబితా అన్నీ అప్పగించి సంతకాలు చేసుకున్నాం. తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకి పంపేచోట నిలబడ్డాను. ఆరో తరగతి కవల పిల్లల్లో ఒకరిని పంపితే రెండోవాళ్ళు ఎక్కడున్నారో తప్పకుండా చూడాలని చెప్పాను. ఫలానా పిల్లాడి తాతగారికి సరిగ్గా కనపడదు, ఆయన దగ్గరికి మనమే పిల్లాణ్ణి తీసుకెళ్ళి అప్పగించాలన్నాను. పాత బ్లాకు షట్టరు కొంచెం పైకి లేపితేనే తాళం తిరుగుతుంది, ఫలానా అమ్మాయికి మూర్ఛ వస్తుంది, వస్తే గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూసుకుంటూ నర్సుని పిలవాలని చెప్పాను.

ఆయన కాసేపు విని, "ఇవన్నీ ఏ రిజిస్టర్లో ఉన్నాయి సార్?" అని అడిగారు.

కొన్ని నర్సు దగ్గర, కొన్ని ఆఫీసులో, మిగతావి ఎక్కడా లేవన్నాను. ఆయన క్యాబిన్‌లోంచి ఒక కొత్త నోట్‌బుక్ తెచ్చుకున్నారు. చివరి పిల్ల కోసం వాళ్ళన్నయ్య వచ్చి, కార్డు చూపించి తీసుకెళ్ళాక, ఇద్దరం కూర్చున్నాం. నేను చెబుతుంటే ఆయన రాసుకున్నారు. పెద్దాయన డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా మా పక్కన నిలబడి, నేను మర్చిపోయినవాటిని ఒక్కొక్కటిగా అందిస్తూ వచ్చారు.